కోటబొమ్మాళి మిల్లులో ఇంటర్న్‌షిప్ అడగబోతే

నేను ఫుడ్ టెక్నాలజీ మూడో సంవత్సరం. మా సీనియర్ అక్క ఒకామె మిల్లు గుమ్మం తొక్కకుండానే ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ తెచ్చుకుంది. తర్వాత ఉద్యోగం ఇంటర్వ్యూలో ధాన్యం తేమ ఎలా చూస్తారని అడిగితే నోరు వెళ్ళబెట్టి వచ్చింది. నాకు ఆ గతి పట్టకూడదనుకున్నాను. ఈ వారంలో చోటు దొరక్కపోతే కాలేజీ వాళ్ళు ఏదో ఆన్‌లైన్ కోర్సులోకి తోసేస్తారు. అందుకే నాన్న తన స్నేహితుడి రైస్ మిల్లుకి ఫోన్ చేసి పెట్టారు. అక్కడే కొంప మునిగింది.

విజయనగరంలో పొద్దున్నే పలాస పాసింజరు ఎక్కితే రెండు గంటలు దాటాక కోటబొమ్మాళి వస్తుంది. టికెట్టు చవకే. స్టేషన్ బయట ఆటో డ్రైవరు నన్ను ఎగాదిగా చూసి, "సదువుకునే పిల్లవి, మిల్లుల నీకేటమ్మా పని?" అన్నాడు. మిల్లు యజమాని అంతకంటే ఘనుడు. "మావోడి కూతురంటే మా పిల్లవే కదేటి, కూకో" అని ఫ్యాను కింద కుర్చీ వేయించారు. ఇడ్లీ వచ్చింది, కాఫీ వచ్చింది, కొబ్బరిబొండం వచ్చింది. పని మాత్రం రాలేదు. మిషన్లు చూస్తానంటే "దుమ్మమ్మా, దగ్గొస్తాది" అన్నారు. పోనీ కాటా దగ్గర నిలబడతానంటే, "నీ సేత పని సేయిస్తే మీ నాన్నకి నా మొకం ఎలా సూపించాలి? సర్టిఫికెట్టు ఇప్పుడే కొట్టించేస్తాను, పట్టుకుపో" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అంత ప్రేమగా మాట్లాడే మనిషి మీద ఎలా అరుస్తాం? ఇంతలో వాళ్ళావిడ వచ్చి, "అన్నం తినీసి ఎల్దువు గానిలే" అని నా సంచీ లోపల పెట్టేసింది. చేపల పులుసు అద్భుతంగా ఉండటం ఇంకో మంట.

సర్టిఫికెట్ వద్దని దండం పెట్టి, మధ్యాహ్నం బస్సెక్కి నరసన్నపేటలో దిగాను. హైవే పక్కన కనబడిన మొదటి మిల్లులోకి వెళ్ళిపోయాను.

"ఎవులు పంపేరు?" అన్నారు అక్కడి యజమాని, లారీ మీంచి చూపు తిప్పకుండానే.

"ఎవరూ పంపలేదండి. వారం రోజులు పని చెప్పి చూడండి. నచ్చితేనే ఉంచుకోండి."

"ఎవుల తాలూకా నువ్వు?"

నాన్న స్నేహితుడి పేరు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "ఎవరి తాలూకా కాదండి."

"అయితే రేపు తలకి గుడ్డ కట్టుకుని రా. ఆలీసమైతే గేటు తియ్యం."

శ్రీకాకుళంలో పిన్ని ఇంట్లో ఉండి రోజూ బస్సులో వెళ్ళొస్తున్నాను. కోటబొమ్మాళి ఆయన చెడ్డవారేం కాదు. మన వైపు తెలిసినవాళ్ళ పిల్లకి పని చెప్పడమంటే అవమానం చేసినట్టే లెక్క. ఆ మర్యాదకి లొంగితే నాకు వచ్చేది ముద్ర వేసిన కాగితం ఒక్కటే. మొన్న తేమ మీటరు తప్పు చదివినందుకు అందరి ముందూ తిట్లు తిన్నాను, పిన్ని ఇంటికొచ్చి ఏడ్చాను కూడా. మర్నాడు మళ్ళీ నా చేతికే మీటరిచ్చారు. ఈసారి సరిగ్గా చదివాను.

మీరు బయల్దేరేముందు ఒక్క మాట. సిఫార్సు ఫోన్లు చేయించకండి. ఇంట్లోవాళ్ళు అప్పటికే చేసేసి ఉంటే, వెళ్ళగానే, కుర్చీలో కూర్చోకముందే పని అడిగేయండి. వాళ్ళింట అన్నం తిన్నాక ఇక అడగలేరు.