రాజక్క కట్టే వంతెన

లోకంలో ఎవరు వంతెన కట్టినా అది నిలబడాలనే కడతారు. మా పక్క క్వార్టర్ రాజక్క మాత్రం రోజూ పడిపోయే వంతెనే కడుతుంది. అదీ చాయ్ మరిగేంత సేపట్లో.

కొడుకు విజయేందర్ కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కుని పాతది తల్లికిచ్చాడు. అందులో ఇంటర్నెట్‌లో తెరుచుకునే ఆట ఒకటుంది. పలకలు, తాళ్లు, చక్రాలు, బండరాళ్లు తీసుకుని మనకు తోచింది కట్టుకోవచ్చు. అన్నిటికీ బరువుంటుంది. తోస్తే దొర్లుతాయి, మీద బరువు ఎక్కువైతే విరుగుతాయి. గెలుపూ ఓటమీ లేవు. రాజక్క వాగు మీద వంతెన కట్టి టిప్పర్‌ను వదులుతుంది. టిప్పర్ వాగులో పడుతుంది. ఇటు పొయ్యి మీద చాయ్ పొంగుతుంది.

"నీ టిప్పర్‌తోని నా చాయ్ గూడ వాగులవడ్డది" అంటాడు ఆమె భర్త బాలమల్లు బావ. బొగ్గుబాయిలో చేసి చేసి రిటైరైన మనిషి.

"జరాగు. ఇంకొక్క పలక."

రాజక్క ఒక్క పలకను నమ్మి కూర్చుంటే ఆ పూటకు చాయ్ లేనట్టే.

అసలు గొడవ ఒక మాటతో వచ్చింది. మొదటిసారి టిప్పర్ పడ్డప్పుడు రాజక్క "కూలిపాయె!" అని గావుకేక పెట్టింది. బాయి కాలనీలో ఆ మాటకు ఒకటే అర్థం, బాయి లోపల కప్పు కూలిందని. లైన్ లైనంతా బయటికొచ్చింది. నేను ముఖాన సబ్బు నురగతోనే ఉరికాను. ఎదురింటి కొత్త కోడలు జ్యోతిరాణి చెప్పుల్లేకుండా బాయి దారి పట్టింది. ఆమె భర్త కరుణాకర్ అప్పుడు లోపలే ఉన్నాడు. మా ఇంటావిడ కోమల వెంటపడి పట్టుకొచ్చింది.

"ఏం కూలిందక్కా?" అన్నాను రొప్పుతూ.

"వంతెన" అని ల్యాప్‌టాప్ చూపించింది రాజక్క.

ఆ రోజు ఆమె తిన్నన్ని తిట్లు మా లైన్‌లో ఇంకెవరూ తినలేదు. ఇకమీదట ఆ మాట అనొద్దని అందరూ గట్టిగా చెప్పారు.

"మరేమనాలె?"

"పండుకున్నది అనుండ్రి" అన్నది కోమల.

జ్యోతిరాణి మాత్రం తేరుకోలేదు. "నాతోని గాదు. రోజు గీ భయమేంది? నువ్వు బాయి నౌకరి ఇడిశిపెట్టు, లేకుంటే నేను చొప్పదండి మా అవ్వోళ్లింటికి పోత" అని కరుణాకర్‌తో తెగేసి చెప్పింది. తీసుకుపొమ్మని తల్లికి ఫోన్ కూడా చేసింది. నౌకరి వదల్లేక, పెళ్లాన్ని వదల్లేక కరుణాకర్ పరేషాన్.

మర్నాటి నుంచి ఫస్ట్ షిఫ్ట్ విడిచే సైరన్ కూత వినబడగానే రాజక్క గొంతు లేచేది. "జ్యోతీ! పండుకున్నదే! జర వచ్చి లేపు బిడ్డా!"

ఆ పిల్ల విసుక్కుంటూ వచ్చి, కాసేపటికి విసుగు మరిచిపోయేది. "గక్కడ కాదక్కా, గిక్కడ పెట్టు" అంటూ తనే పలకలు అతికించేది. కరుణాకర్ బండి చప్పుడు కాగానే రాజక్క ల్యాప్‌టాప్ టప్పున మూసేసేది.

"ఇంకొక్కసారి చూద్దమక్కా!"

"ఇగ చాలు. మొగడొచ్చిండు, పో."

"ఇన్ని దినాలు ఆడి గూడ ఆట రాకపోవుడు ఒక విద్యనే అక్కా" అని నేను ఏడిపించేవాణ్ణి. ఆమె నవ్వి ఊరుకునేది.

ఒక మధ్యాహ్నం చక్కెర కోసం వెళ్లాను. ల్యాప్‌టాప్‌లో వంతెన దర్జాగా నిలబడి ఉంది. దాని మీద టిప్పర్ వెనక టిప్పర్ పోతోంది. చాలదన్నట్టు నడుమ ఇంత బండరాయి కూడా పెట్టింది. వంతెన కదిలితే ఒట్టు! అంతలో కూత వినబడింది. రాజక్క నన్నొక చూపు చూసి, నడిమి పలక లాగేసింది. టిప్పర్లన్నీ వాగులోకి.

"జ్యోతీ! పండుకున్నదే!"

"అక్కా, నువ్వే..."

"మెల్లగ, తమ్మీ. కూతకు, మొగడు ఇల్లు జేరేదానికి నడుమ జరంత టైముంటది సూడు, గదే సంపుతది. మీ బావ బాయిల ఉన్నప్పుడు నేను బియ్యం ఏరేది. రాళ్లన్ని ఏరినంక, ఆయన రాకపోతే, అవ్వే రాళ్లు మళ్ల కలుపుకొని ఏరేది. ఇప్పటి బియ్యంల రాళ్లేడున్నయి? గీ పోరి ఏమేరాలె?"

నాకు ఆమె మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. నోరు మూసుకుని చక్కెర తెచ్చుకున్నాను.

అన్నట్టే జ్యోతిరాణి తల్లి చొప్పదండి నుంచి దిగింది. "నడువు బిడ్డా, బస్సుకు టైమైతుంది."

"నేను రానవ్వా."

"భయమైతుందంటివి గదనే!"

"అయితుంది. కని రాజక్కకు గీ ఆట అస్సల్ రాదు. నేను పోతే పాపం, ఆమె ఏమైపోవాలె?"

నేను పగలబడి నవ్వబోయేలోపు రాజక్క నా కాలు తొక్కింది. కొంగు సర్దుకుని, బిక్కముఖం పెట్టి, "అవు వదినె, మీ బిడ్డ అంత తెలివి నాకేడికెల్లొస్తది?" అన్నది.