దాత పేరు ఎక్కడ రాయాలి

రిటైరయ్యాక నేను బడిలో ఉచితంగా లెక్కలు చెప్పడానికి వెళ్ళింది సేవాభావంతో కాదు. రోజంతా టీవీ ముందు కూర్చుని, వార్తలు చదివేవాళ్ళకి ఎదురు సమాధానాలు చెప్పే మా ఆయన్ని భరించలేక వెళ్ళాను. విజయవాడలో బస్సెక్కి కంకిపాడు దాటాక దిగితే ఆ హైస్కూలు. అక్కడ అందరూ నన్నో మహాతల్లిని చూసినట్టు చూసేవారు. నేనూ వద్దనలేదు.

ఆ బడికి దాతలు తక్కువేం కాదు. బీరువా మీద ఒకరి పేరు, గేటు ఆర్చి మీద ఊరి పెద్దాయనగారి నాన్న పేరు, ఫ్యాన్లకైతే రెక్కరెక్కకీ పేరే. ఫ్యాను తిరిగితే పేరు కనపడదు కాబట్టి, దాత వచ్చిన రోజు ఎంత ఎండగా ఉన్నా ఆపేసేవాళ్ళు. పిల్లలు చెమటలు కక్కుతూ చప్పట్లు కొట్టేవాళ్ళు.

లేనిదల్లా ఆడపిల్లలకి మరుగుదొడ్డి. ఉన్నది గోడ కూలి, తలుపు ఊడి ఏడాది పైనే అయింది. చల్లటి నీళ్ళ కూలరు మాత్రం వరండాలో మెరిసిపోతూ ఉండేది. ఆడపిల్లలు దాని ఛాయలకి కూడా వెళ్ళేవాళ్ళు కాదు. తాగాక ఎక్కడికి వెళ్ళాలో దాని దాత ఆలోచించలేదు మరి.

తొమ్మిదో తరగతిలో లెక్కల్లో నాకంటే చురుకైన పిల్ల ఒకతి ఉండేది. ఉన్నట్టుండి రావడం మానేసింది. ఇంటికి వెళ్తే వాళ్ళమ్మ మొహమాటం లేకుండా చెప్పింది.

"పొద్దున్నుంచి సాయంత్రం దాకా బిగబట్టుకుని మొన్న జ్వరం తెచ్చుకుందండి. ఈ మధ్యే పెద్దమనిషి కూడా అయింది. అక్కడ అది కట్టాక పంపిస్తా. లేదంటే నాతోపాటు నాట్లకి వస్తుంది."

నాకు ఒళ్ళు మండింది. ఆవిడ మీద కాదు.

నేరుగా ఆర్చి కట్టించిన పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. కాఫీ ఇప్పించారు. విషయం వినగానే, "ఇంకేదైనా చెప్పండి మేడమ్. మా నాన్నగారి పేరు దాని మీద ఎలా రాయిస్తామండీ?" అన్నారు.

"పేరు లేకుండా కట్టించండి" అన్నాను. నాకేదో మతి చలించిందన్నట్టు జాలిగా చూశారు.

చివరికి వన్‌టౌన్‌లో నేను చేనేత చీరలు కొనే కొట్టు యజమానురాలిని అడిగాను. వెంటనే ఒప్పుకుంది. "పేరు మాత్రం మా అత్తగారిది రాయించండి" అంది గొంతు తగ్గించి. చీరల గుట్టల వెనక ఇద్దరం కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుకున్నాం.

ప్రారంభం రోజున ఆ అత్తగారే ఆటో దిగారు. ఎవరో ఫోన్ చేసి, మీ పేరున బడిలో ఏదో కట్టారటగా అని అభినందించారట. కోడలి మొహాన నెత్తుటిచుక్క లేదు. నేను హెడ్మాస్టారి వెనక్కి జరిగాను.

ఆవిడ గోడ మీద తన పేరు చదువుకున్నారు. లోపలికి వెళ్ళారు. గడియ వేసిన చప్పుడైంది, తర్వాత నీళ్ళ చప్పుడు. బయటికి వచ్చి, ఆ రోజే బడికి తిరిగొచ్చిన మా లెక్కల పిల్లని ఎన్నో తరగతని అడిగారు.

"తొమ్మిదండి."

ఆవిడ ఆ పిల్ల తల నిమిరి కోడలి వైపు తిరిగారు.

"ఎగతాళికి రాయించావని నాకు తెలుసు. చెరిపించకు. నేను ఏడో తరగతిలో బడి మానేసింది ఇది లేకే."