నన్నెవరూ ప్రమాణం అడగలేదు

పద్నాలుగేళ్లు మోశాను తల్లీ. నెత్తి మీద గంపైతే ఎవరో ఒకరు చెయ్యేసి దించుతారు. నోట్లో దాచిన మాటను ఎవరు దించుతారు? నాకు రాయడం రాదు. నేను చెబుతుంటే నాతో రూమ్‌లో ఉండే అమ్మాయి రాస్తోంది.

మాది కడప వైపు. మా ఆయన ఊరి పెద్దాయన వెంట తిరిగే మనిషి. ఒకనాడు శనక్కాయలు వలుస్తూ, నన్ను చూడవచ్చిన చెల్లెలితో గొప్పకు పోయి అన్నాను: రేపు పెద్దాయన వాగువంక దారిన పోతాడు, మా ఆయనకూ జీపు డ్రైవరుకూ తప్ప ఎవరికీ తెలియదని. చెల్లెలి మొగుడిది అవతలి వర్గం. ఆ సంగతి గుర్తులేదా? ఉంది. అయినా నోరు ఆగలేదు. అది మొగుడి చెవిన వేసింది. మరునాడు వంకలో పెద్దాయనను నరికేశారు.

ఆ దారి తెలిసిన ఇద్దరినీ, మా ఆయననూ డ్రైవరునూ, గుడి ముందు నిలబెట్టారు. అరచేత్తో కర్పూరం ఆర్పి ప్రమాణం చేయాలి. మా ఆయన ఆర్పాడు. డ్రైవరు ఆర్పింది మళ్లీ రాజుకుంది. అంతే, ద్రోహి అన్నారు. అతని ఇంటి కప్పు పీకేశారు. బోరింగు దగ్గర అతని భార్య బిందెను తన్నేశారు. చాటుగా నేనే వాళ్లకు నీళ్లిచ్చాను. వారం తిరక్కముందే పిల్లాడితో ఊరు విడిచారు. ఆ మచ్చతోనే అతను ఎక్కడో చచ్చిపోయాడు.

ఆడవాళ్లను ఎవరూ ప్రమాణం అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నా? ఏమో. అడగలేదు కదా అన్న మాట చాటునే ఇన్నేళ్లూ దాక్కున్నాను. మా ఆయనకు కూడా చెప్పకుండానే ఆయన్ను సాగనంపాను.

ఆయన పోయాక మస్కట్ వచ్చి బౌషర్‌లో ఇంటిపనికి కుదిరాను. మొన్న శుక్రవారం దార్సైట్ గుడిలో డ్రైవరు భార్య కనబడింది. ఘుబ్రాలో పనంట. నన్ను వాటేసుకుంది. హారతి వచ్చేసరికి మాత్రం వెనక్కి జరిగింది.

"కండ్లకద్దుకో పాపా" అన్నాను.

"మాకు కర్పూరం పడదులేక్కా. తెల్సీ అడుగుతాండావే!" అని నవ్వింది.

ఆ నవ్వుకు తట్టుకోలేకపోయాను. బయట మెట్ల మీద కూర్చోబెట్టి అంతా చెప్పేశాను. ఆమె చెప్పులు తొడుక్కోబోయి ఆగింది.

"అందుకా అక్కా, ఆ పొద్దు నీళ్లిచ్చింది?"

"అందుకే."

"తాగితిమే ఆ నీళ్లు." చెప్పులు తొడుక్కుని లేచింది. "నన్ను బతిమాలొద్దు. ఊరికి చెప్పు. నా కొడుకు ఆ ఊర్లో తలెత్తుకోని నడవాల."

ఈ కాగితం ఒకటి ఊరి పెద్దలకు పోతోంది. ఒకటి మీ పత్రికకు. క్షమించిందా అంటే, లేదు. టాక్సీ ఎక్కేటప్పుడు వెనక్కి చూడలేదు. చూడమని అడిగే మొహం నాకెక్కడిది?

కానీ ఆ సాయంత్రం అంట్లు తోముతుంటే వంటింట్లో ఎవరో కూనిరాగం తీస్తున్నారు. నేనే. సిగ్గేసింది. ఆపలేదు.