ఐసు సంచుల కోడలు

"బాగుందని చెప్పకు తల్లీ. బాగుందా అని నేనడగలేదు. ఏం తక్కువైందో చెప్పు."

రెనీటా చెంచా నోట్లో పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. పొయ్యి పక్కన కుర్చీలో కూర్చున్న అత్తగారు ఎర్లీన్ కళ్లు ఆమె మొహం మీదనుంచి కదలడంలేదు. తెల్లారితే థ్యాంక్స్‌గివింగ్. పొద్దున్నే ఓవెన్‌లోకి టర్కీ కోడి వెళ్లిపోతుంది కాబట్టి తీపి వంటకం ఈ సాయంత్రమే కాలి చల్లారాలి.

మేకన్ ఊళ్లోని ఆ ఇంటి వాళ్లకు పండగ భోజనమంటే ఎర్లీన్ చేసే స్వీట్ పొటాటో పై. వెన్న కలిపిన పిండిని పళ్లెంలో పల్చగా పరిచి, చిలగడదుంప గుజ్జు నిండా పోసి కాలుస్తుంది. బడి వంటగదిలో జీవితమంతా కొలతలతో వండిన మనిషి, ఈ ఒక్కదానికి మాత్రం ఏనాడూ కొలతగిన్నె ముట్టలేదు. నాలుకే కొలత. మొన్న చలికాలంలో వచ్చిన జ్వరం పోతూ పోతూ ఆ నాలుకనే పట్టుకుపోయింది. ఇప్పుడామెకు కాఫీ అయినా వేణ్నీళ్లయినా ఒకటే. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. నిన్న మాత్రం రెనీటాకు ఫోన్ చేసి చెప్పి, రుచి చూసి పెట్టడానికి రమ్మంది.

తననే ఎందుకు పిలుస్తోందో రెనీటాకు అర్థం కాలేదు. ఆ ఇంట్లో పండక్కి ఎవరేం వండి తేవాలన్నది చిన్న విషయం కాదు. కాపురానికొచ్చిన కొత్తలో ఆమె తెచ్చిన పొడిబారిన మాకరోనీ తిని, ఎర్లీన్ అన్నగారు రూఫస్, పాపం ఈ మాకరోనీకి దాహం వేస్తున్నట్టుంది, ఎవరన్నా కాసిని నీళ్లు పట్టండన్నాడు. అప్పట్నుంచీ ఆమె వంతు ఐసు సంచులు, కాగితం పళ్లేలు.

"మీ చెల్లెలు డోరిస్ ఉన్నారు కదా, మిస్ ఎర్లీన్?" అంది ఫోన్లో, అక్కడి మర్యాద ప్రకారం అత్తగారిని పేరుతోనే పిలుస్తూ.

"డోరిస్ నా మనసు నొవ్వకూడదని అబద్ధమాడుతుంది. ఒక ఏడు పండక్కి నేను చేసిన హ్యామ్ మాంసం ఉప్పెక్కిందని అన్నది నువ్వొక్కదానివే. అందరూ నిన్ను మింగేసేలా చూశారు. నువ్వన్నది నిజం."

అలా మొదలైంది. దుంపలు తొక్కతోనే కాల్చారు. ఉడకబెడితే నీళ్లు తాగుతాయని ఎర్లీన్ ఒప్పుకోలేదు. గుజ్జు చిలికాక యంత్రం పైకెత్తి చూపమంది. తీగలకు పీచు జుట్టులా చుట్టుకుని ఉంది. తీగలు కడిగి మళ్లీ చిలకమంది, అవి శుభ్రంగా బయటికొచ్చేదాకా. ఇంతవరకూ కళ్లతో చేయించగలిగింది. ఇక రుచి దగ్గర ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంది.

రెనీటా ఇంకో చెంచా తిని కళ్లు మూసుకుంది.

"జాజికాయ ముందుకొస్తోంది. ఉప్పు చాల్లేదు. తీపి నాలుక మీద నిలబడకుండా జారిపోతోంది."

"అయితే నిలబెట్టు," అంది ఎర్లీన్. ఆ మాటతో ఉప్పు డబ్బా కోడలి ముందుకు జరిపింది.

మర్నాడు తినబోయే ముందు, వాళ్ల అలవాటు ప్రకారం, ఒక్కొక్కరూ దేనికి కృతజ్ఞులో చెప్పారు. తన వంతొచ్చినప్పుడు ఎర్లీన్ జ్వరం సంగతి అందరికీ చెప్పేసింది. తన రుచి పోయిందనీ, ఇవాళ తీపి మొత్తం రెనీటా నాలుకతోనే అయిందనీ చెప్పి, అలాంటి నాలుకను ఇన్నేళ్లూ ఐసు దగ్గర నిలబెట్టినా మనసులో పెట్టుకోనందుకు దేవుడికంటే ముందు కోడలికే థ్యాంక్స్ అంది.

చివరికి రూఫస్ పళ్లెంలోకి ముక్క వచ్చింది. ఆయన నెమ్మదిగా తిన్నాడు. మీసం తుడుచుకున్నాడు. ఇంకో ముక్క కోసం పళ్లెం మళ్లీ ముందుకు తోసి గ్లాసు ఎత్తి చూశాడు.

"చల్లగా తాగాల్సిన ఈ ఐస్ టీ ఏంటి ఇంత వెచ్చగా ఉంది? ఈసారి ఐసు ఎవరూ తేలేదా?"

నిజంగానే ఎవరూ తేలేదు. అందరికంటే గట్టిగా నవ్వింది రెనీటానే.

భోజనాలయ్యాక ఎర్లీన్ ఆమెను వంటింట్లోకి పిలిచింది. మూతకింద దాచిపెట్టిన ముక్కొకటి తీసి చేతికిచ్చింది.

"వసారాలోకి పట్టుకెళ్లి ఒక్కదానివే కూర్చుని తిను, తల్లీ. తొందరపడకు. తిన్నాక వచ్చి ఎలా ఉందో నాకు చెప్పు. మొదటి ముక్క దగ్గర్నుంచీ చెప్పాలి, ఏదీ వదలకుండా."