ఇక్కా పెట్టిన పేరు

ముందే ఒప్పుకుంటాను. చదవడం రాని కాగితం మీద సంతకం పెట్టినవాణ్ణి నేను. పైగా నా ఉద్యోగమే కాగితాల్లో తప్పులు పట్టడం. దుబాయ్‌లో ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఎవరైనా గీసిన గోడలో కిటికీ నాలుగంగుళాలు పక్కకు జరిగిందంటే చాలు, దాని చుట్టూ మేము మబ్బు అని పిలిచే ఎర్రటి వంకీల గీత గీసి, పక్కన 'రివిజన్' అని రాసి వెనక్కి పంపేవాణ్ణి. అంతటివాణ్ణి, సొంత కూతురి జనన ధృవపత్రం దగ్గరికి వచ్చేసరికి, కుడి నుంచి ఎడమకు నడిచే అరబిక్ అక్షరాలను ఎంతో గౌరవంగా చూసి, వేలు పెట్టి చూపించినచోట సంతకం గీకేశాను. రోజంతా గీతలు గీసేవాడికి తలగీత మాత్రం ఇంకెవరో గీస్తారు కాబోలు.

అది రెండువేల అయిదు వేసవి. కరామాలో ఒక ఫ్లాట్‌లో ఒక గది మాది. మిగతా గదులు మరో కుటుంబానివి. వంటిల్లు వంతులవారీగా వాడుకునేవాళ్ళం. మా ఆవిడ నర్సు, గోదావరి పక్క పిల్ల. పెళ్ళయి ఎనిమిదేళ్ళయినా మాకు పిల్లలు లేరు. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మా తెలుగువాళ్ళ చర్చి కూడా ఆ రోజే. ప్రతి శుక్రవారం ప్రార్థన అయిపోయాక, టీ కప్పులు చేతికి రాగానే, ఎవరో ఒక అక్కయ్యగారు మా ఆవిడ పక్కకు జరిగి గొంతు తగ్గించి అడిగేవారు, ఏమైనా విశేషమా అని. "ఇంకా లేదండీ" అనేది తను. ఆ మాటను ఎంత నవ్వుతూ అనాలో, ఎంతసేపు నవ్వాలో తనకు అలవాటైపోయింది. ఊరు నుంచి ఫోన్ వచ్చినా అదే ప్రశ్న, అదే జవాబు. నన్ను మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. మగవాళ్ళను ఉద్యోగం గురించి అడుగుతారు, అదీ జీతం ఎంతో తెలుసుకోవడానికి.

ఎనిమిదేళ్ళ తర్వాత విశేషం వచ్చింది. మూడు కిలోల విశేషం. పుట్టిన మూడో రోజునే గదిని మొత్తం తన పేరున రాయించుకుంది. వేసవిలో మా బిల్డింగ్‌లో చన్నీళ్ళ కుళాయి తిప్పితే మేడమీది ట్యాంకులో కాగిన నీళ్ళు పొగలు కక్కుతూ వచ్చేవి. అందుకని గీజరు స్విచ్ ఆపేసి, అందులో నిలవున్న నీళ్ళను చన్నీళ్ళుగా వాడుకునేవాళ్ళం. ఆ దేశంలో వేణ్ణీళ్ళు కావాలంటే చన్నీళ్ళ కుళాయి, చన్నీళ్ళు కావాలంటే గీజరు. ఈ తిరకాసు పాపకు స్నానం చేయించడానికి వచ్చిన పక్కగది ఆవిడకు ఎంత చెప్పినా ఎక్కలేదు. ఆ పని నేనే నేర్చుకున్నాను. అదొక్కటే ఆ రోజుల్లో నేను తప్పులేకుండా చేసిన పని.

తప్పు చేసిన పని టైపింగ్ సెంటర్‌లో జరిగింది. అక్కడ ప్రభుత్వ ఫారం ఏదైనా అరబిక్‌లో టైపు కొట్టించి ఇవ్వాలి. అందుకోసం వీధికో టైపింగ్ సెంటర్ ఉండేది. మా వీధిలోది నడిపే మలయాళీ పెద్దమనిషిని అందరూ ఇక్కా అనేవారు. ఇక్కా అంటే అన్న. మాతో హిందీలో మాట్లాడేవాడు. ఆయన కళ్ళు తెర మీద, చెవులు కస్టమర్ మీద, చేతులు కీబోర్డు మీద ఉండేవి. మూడూ ఒకదానితో ఒకటి సంప్రదించుకునేవి కావు.

పాప పేరు మేము ముందే అనుకున్నాం. చీటీ మీద రాసి తీసుకెళ్ళాను. హాస్పిటల్ కాగితాలతో పాటు బల్ల మీద పెట్టాను. ఆ చీటీ మీదే ఇక్కా తన సులేమానీ, అంటే పాలు లేని టీ, గ్లాసు పెట్టుకున్నాడు. అది నేను చూడలేదు. అప్పుడే నా మొబైల్ మోగింది. ఇంటి దగ్గర నుంచి మా ఆవిడ. సిగ్నల్ కోసం తలుపు వైపు తిరిగి, రెండో చెవిలో వేలు పెట్టుకుని మాట్లాడాను. పని అయిందా అని అడిగింది. ఇంకా లేదు అన్నాను. వినపడలేదు, ఏంటీ అంది. ఇంకా లేదు అని ఈసారి ఒక్కో అక్షరం విడమరిచి, గట్టిగా చెప్పాను.

సరిగ్గా అదే సమయంలో నా వీపు వెనక ఇక్కా, తెర మీద నుంచి చూపు తిప్పకుండా, "బచ్చీ కా నామ్?" అని పాప పేరు అడిగి ఉంటాడు. ఒకసారి విని అనుమానం వచ్చి మళ్ళీ అడిగి ఉంటాడు. రెండోసారి నేను అంత స్పష్టంగా చెప్పాక ఆయనకు మాత్రం అనుమానం ఎందుకుంటుంది? నేను ఫోన్ పెట్టేసి తిరిగేసరికి కాగితం బయటికి వచ్చేసింది. ఖలాస్, ఇక్కడ సైన్ చెయ్యి అన్నాడు. చేశాను. థాంక్స్ కూడా చెప్పాను.

వారం తర్వాత ధృవపత్రం వచ్చింది, దాంతోపాటు ఇంగ్లీషు కాపీ. తండ్రి పేరు నాదే. తల్లి పేరు మా ఆవిడదే. బిడ్డ పేరు అంకా లిడో. ఏ ఇటలీవాళ్ళ పిల్ల కాగితమో మా దాంట్లో కలిసిపోయిందనుకున్నాను. ఇంటికి తెచ్చి మా ఆవిడకు చూపించాను. ఎన్నో ఏళ్ళుగా హాస్పిటల్ ఫైళ్ళు తిప్పి తిప్పి తనకు అరబిక్ అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు. ఒళ్ళో పాపను పెట్టుకుని, ఇంగ్లీషు కాపీ పక్కన పడేసి, అసలు కాగితం మీద వేలు కుడి నుంచి ఎడమకు జరుపుతూ చదివింది. "ఇన్... కా... లీ... దూ." వేలు ఆగింది. మళ్ళీ మొదటికి వచ్చింది. "ఇంకా లేదు."

నాకు నవ్వొచ్చింది. అరబిక్‌లో అచ్చులకు పట్టింపు తక్కువ, ఇంకా కాస్తా అంకా అయింది, లేదు లిడో అయింది, పైగా ఆడపిల్ల కాబట్టి వ్యాకరణం కుదిరింది, మగపిల్లాడైతే ఇంకా లేడు అని పెట్టాల్సివచ్చేది అంటూ ఏదో పరిశోధన మొదలుపెట్టాను. కొంతసేపటికి గదిలో నవ్వుతున్నది నేనొక్కణ్ణే అని అర్థమైంది. తను పాపను భుజాన వేసుకుని వీపు నిమురుతోంది. పాపకు త్రేన్పు వచ్చాక నా వైపు తిరిగింది.

"ఎనిమిదేళ్ళు నేను అందరికీ చెప్పిన మాటండీ ఇది" అంది. "ఇప్పుడు దాంతోనే నా పిల్లను పిలవమంటారా?"

నేను కాగితం మడతపెట్టి కవరులో పెట్టాను.

"పాస్‌పోర్టు మీదకి ఇది ఎక్కకూడదు. మీరేం చేస్తారో నాకు తెలీదు."

ఆ రోజు నుంచి నాకు ఉద్యోగాలు రెండయ్యాయి. పుట్టిన నాలుగు నెలల్లోపు పాపకు వీసా వేయించాలి. వీసాకు పాస్‌పోర్టు కావాలి, పాస్‌పోర్టుకు ధృవపత్రం కావాలి. ధృవపత్రాల కౌంటర్‌కు వెళితే, పేరు మార్చాలంటే సరైన పేరుతో పాస్‌పోర్టు తెమ్మన్నారు. పాస్‌పోర్టు కౌంటర్‌కు వెళితే, ధృవపత్రంలో ఏ పేరుంటే అదే వేస్తాం, కాబట్టి సరైన ధృవపత్రం తెమ్మన్నారు. ఇద్దరూ మర్యాదగానే చెప్పారు. ఎవరి మాటలోనూ తప్పు లేదు. మధ్యలో తిరిగేవాడికే తల తిరిగింది.

సర్దుకుపొమ్మని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. మా ముదీర్, అంటే మేనేజరు, పేరులో ఏముంది, స్కూల్లో వేసేటప్పుడు చూసుకోవచ్చు, ముందు డ్రాయింగులు పూర్తి చెయ్యమన్నాడు. మా కంపెనీ డ్రైవరు జగిత్యాల మనిషి. సైటుకు వెళ్ళే దారిలో సంగతంతా విని, చాలాసేపు ఆలోచించి తీర్పు చెప్పాడు. "గదే ఉంచుండ్రి సారూ. అంకా లిడో. సిన్మా యాక్టర్ లెక్కున్నది. రేపు పెద్దగైనంక గా పేరు పెట్టినందుకు మీ కాళ్ళు మొక్కుతది."

ఒక దశలో నేనూ మెత్తబడ్డాను. ఒక సాయంత్రం ఇంటికి వచ్చి, పోనీ ఇంట్లో మన పేరుతోనే పిలుచుకుందాం, కాగితాల్లో ఏదుంటే ఏమిటి అని నసిగాను. మా ఆవిడ సెలవు అప్పటికే అయిపోయింది. పాపను పగలు తను, రాత్రి నేను చూసుకునేలా నైట్ డ్యూటీలు అడిగి వేయించుకుంది. యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది. నా వైపు చూడకుండా, హాస్పిటల్లో కూడా కాగితాల్లో ఉన్న మనిషికే వైద్యం చేస్తారు అంది. మర్నాటి నుంచి నేను మళ్ళీ మెత్తబడలేదు.

ధృవపత్రాల కౌంటర్‌లో ఒకాయన జాలిపడి ఒక దారి చెప్పాడు. ఇది టైపింగ్‌లో జరిగిన పొరపాటు అని టైపింగ్ సెంటర్ వాళ్ళు ఒక లెటరు రాసి ముద్ర వేసిస్తే సరిపోతుందట. ఎగురుకుంటూ ఇక్కా దగ్గరికి వెళ్ళాను. ప్రింటరు మూత తెరిచి లోపలికి చూస్తున్నాడు. ఇంకు అయిపోయింది. ఇంకు లేదన్నమాట. ఆ రోజుల్లో నాకు ఎటు చూసినా అదే వినపడేది.

ఇక్కా సావధానంగా విన్నాడు. "నేను అడిగాను. నువ్వు చెప్పావు. రెండుసార్లు చెప్పావు" అన్నాడు హిందీలో. నేను ఫోన్‌లో మా ఆవిడతో అన్నానని చెప్పాను. ఫారం ముందు కూర్చుని ఫోన్‌లో మాట్లాడడం ఎవరి తప్పు అని అడిగాడు. అక్కడ నాకు చిక్కొచ్చింది, ఎందుకంటే అది నా తప్పే. చీటీ సంగతి ఎత్తాను. నాకు ఏ చీటీ ఇవ్వలేదు అన్నాడు. ఇరవై ఏళ్ళలో తన చేతిలో ఒక్క అక్షరం తప్పు పోలేదనీ, ఇప్పుడు తప్పు పోయిందని ముద్ర వేసి రాసిస్తే రేపు దుకాణానికి ఎవరు వస్తారనీ అన్నాడు. చివరికి ఓదార్పుగా, పేరు బావుంది, మా ఇంట్లో కూడా అందరికీ నచ్చింది అన్నాడు. అంటే ఇంట్లో చెప్పుకుని నవ్వుకున్నారన్నమాట.

ఆ తర్వాత నాకు తెలిసిన ఒకే ఒక విద్య ప్రయోగించాను. ధృవపత్రాన్ని పెద్ద కాగితం మీద జెరాక్స్ తీయించి, తప్పు పేరు చుట్టూ ఎర్రటి మబ్బు గీసి, బాణం గుర్తు పెట్టి, సరైన పేరు నీటుగా రాసి, మూల 'రివిజన్ ఒకటి' అని వేసి కౌంటర్‌లో ఇచ్చాను. ఇదివరకు జాలిపడినాయనే దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ప్రభుత్వ కాగితం మీద బొమ్మలు గీయకూడదు అని చెప్పి, మడతపెట్టి నాకే ఇచ్చాడు. మబ్బు చాలా బాగా వచ్చింది, అదొక్కటే తృప్తి.

గడువు ఇంకా మూడు వారాలు ఉందనగా మా ఆవిడ, రేపు నేనే వస్తాను అంది. నైట్ డ్యూటీ దిగి, యూనిఫాం కూడా మార్చుకోకుండా నేరుగా ధృవపత్రాల ఆఫీసుకు వచ్చింది. నేను పాపనెత్తుకుని గేటు దగ్గర నిలబడ్డాను. ఆ రోజు కౌంటర్‌లో నల్లటి అబాయాలో ఒక అధికారిణి కూర్చుని ఉంది. నేను నా ఫైలు తెరవబోతే మా ఆవిడ చేత్తో ఆపేసింది. తన హాస్పిటల్ అరబిక్‌లో, మందు ఎప్పుడు వేసుకోవాలో రోగికి చెప్పినంత నెమ్మదిగా, ఈ పేరు మాది కాదు అని చెప్పింది.

అయితే ఈ మాటకు అర్థమేమిటని అడిగింది అధికారిణి.

"లిస్సా, మా ఫీ" అంది మా ఆవిడ. ఇంకా లేదు.

అధికారిణి కాగితం చూసింది, నా భుజం మీద పడుకున్న పాపను చూసింది. లేకపోవడమేమిటి, ఉంది కదా అంది. మా ఆవిడ అప్పుడు చెప్పింది. తన అరబిక్‌లో క్రియలు చాలా తక్కువ. ఎనిమిది సంవత్సరాలు, ప్రతి శుక్రవారం, అందరూ అడుగుతారు, నేను ఈ మాట చెబుతాను. అంతే చెప్పింది. తర్వాత పాపను నా దగ్గర నుంచి తీసుకుని కౌంటర్ మీదుగా కాస్త ముందుకు పట్టుకుంది, దాఖలా చూపిస్తున్నట్టు.

అధికారిణి పెన్ను అందుకుంది. నా ఫైల్లోని దరఖాస్తు అడిగి తీసుకుని, దాని అంచున కుడి నుంచి ఎడమకు ఒక వాక్యం రాసి, సంతకం చేసి, ముద్ర గుద్దింది. తల్లిదండ్రులిద్దరూ రాసివ్వండి, పేరు సరిచేస్తాను అంది. కొత్త పేరు ఏమిటో అడిగి తనే టైపు చేసింది. ప్రింటు ఇచ్చేముందు తెరను మా వైపు తిప్పింది. మా ఆవిడ వేలు జరుపుతూ అక్షరం అక్షరం చదివి తలూపింది. నేను మళ్ళీ చదువుదామని వంగాను. చాల్లెండి, మీరు సంతకం పెట్టండి అంది మా ఆవిడ.

గడువుకు అయిదు రోజుల ముందు పాపకు వీసా పడింది. ఆ శుక్రవారం ప్రార్థనలో పాప పేరు పైకి చదివినప్పుడు మా ఆవిడ తల దించుకుని ఉంది. తర్వాత టీ దగ్గర ఒక అక్కయ్యగారు అలవాటుగా దగ్గరికి జరిగి, రెండో విశేషం సంగతేమిటమ్మా అన్నారు. తను టీ పూర్తిగా తాగి, కప్పు కింద పెట్టి, ఇంకో బిస్కెట్ తీసుకోండి అక్కయ్యగారూ అంది.

ఇక మిగిలింది ఇక్కా. ఆయన మీద నాకు పెద్ద కోపమేమీ లేదు, చిన్న కోపం మాత్రం ఉండేది. అది ఎక్కడా పెట్టడానికి చోటు లేక జేబులో వేసుకుని తిరుగుతున్నాను. రెండు నెలల తర్వాత దుకాణం ముందు నుంచి వెళుతుంటే ఆయనే లోపలికి పిలిచి సులేమానీ తెప్పించాడు. ఈమధ్య తెలుగువాళ్ళు బాగా వస్తున్నారట. అద్దం మీద మలయాళం ఉంది, హిందీ ఉంది, ఉర్దూ ఉంది, తెలుగే లేదు. నా చేతిరాత బావుంటుందని ఎవరో చెప్పారట. పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, పేర్ల ఫారాలు తప్పుల్లేకుండా నింపబడును అని అర్థం వచ్చేలా రెండు ముక్కలు రాసిమ్మన్నాడు.

డ్రాయింగ్ షీటు తెప్పించాను. స్కేలు పెట్టి పెన్సిలుతో గీతలు కొట్టుకుని, నల్ల సిరాతో, జీవితంలో ఏ బిల్డింగుకూ పెట్టనంత శ్రద్ధ పెట్టి రాశాను.

'పిల్లలకు పేర్లు మేమే పెడతాం. మా పనికి పేర్లు పెట్టకండి.'

ఏం రాశావని అడిగాడు. నువ్వు చెప్పిందే రాశాను అన్నాను. ఇక్కా దాన్ని లామినేషన్ చేయించి, ఎండకు వెలిసిపోకుండా అద్దానికి లోపలివైపు నుంచి అంటించాడు. మేము షార్జాకు ఇల్లు మారేదాకా అది అక్కడే ఉంది. చదివిన తెలుగువాళ్ళందరూ నవ్వుతూ లోపలికి వెళ్ళేవాళ్ళు. తన కస్టమర్లలో తెలుగువాళ్ళంత నవ్వుముఖంతో వచ్చేవాళ్ళు ఇంకెవరూ లేరని ఇక్కా అందరికీ చెప్పేవాడట.