ముందు నీ రోజు చెప్పు

మా పాస్టరమ్మ గారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారని పోయిన ఆదివారం తమ్ముడే ఫోను చేసి చెప్పాడు. చెప్పి, ఏడ్చేశాడు. నేను కావలిలో కట్టుబట్టలతోనే బస్సెక్కాను.

ఆవిడ మా ముత్తుకూరు చర్చి పాస్టరు గారి భార్య. నెల్లూరులో కౌన్సెలింగ్ నేర్చుకుని వచ్చి, గంజాయి వైపు అడుగు పడుతున్న పిల్లల ఇళ్ళకు తిరిగేవారు. పోర్టు లారీలు ఆగే చోట అది దొరుకుతుందని మా పేటలో అందరికీ తెలుసు. నోరెత్తేవాళ్ళే లేరు.

తమ్ముడు ఇంటర్లో ఉండగా అక్కడికి పోవడం మొదలుపెట్టాడు. ఇంకా ముట్టలేదు, ముట్టేవాళ్ళ పక్కన కూర్చునేవాడంతే. అమ్మ హడలిపోయి, చర్చిలో శుక్రవారం కూటంలో, ఎవరి కోసం ప్రార్థించాలో చెప్పమన్నప్పుడు లేచి, అందరి ముందూ వాడి సంగతి చెప్పేసింది. కష్టమొస్తే మేం అలాగే చెప్పుకుంటాం మరి. మర్నాటికి పేటంతటికీ వాడు గంజాయోడైపోయాడు. ఆ సిగ్గుతో ఇంటికి రావడం మానేసి లారీల దగ్గరే ఉండిపోయాడు.

పాస్టరమ్మ గారు అమ్మను ఒక్క మాటా అనలేదు. అన్నం తినేదాకా ఎవరూ ఏమీ అడగకూడదని మా చేత మాట తీసుకుని, వాణ్ణి పిలుచుకొచ్చారు. తర్వాత వారం వారం వచ్చి, మా అందరినీ కలిపి భోజనానికి కూర్చోబెట్టి మాట్లాడించేవారు. నాకు ఒళ్ళు మండేది. దారి తప్పింది వాడైతే క్లాసు మాకా? ఆవిడేమో పులుసులో కారం చాల్లేదని అమ్మను ఆటపట్టిస్తూ తాపీగా తినేవారు.

నాన్న లారీ డ్రైవరు. ఇంట్లో అడుగు పెడుతూనే "యాడ తిరిగినావురా?" అని మొదలుపెట్టేవాడు. ఒకసారి ఆవిడ ఆపారు.

"ముందు నీ రోజు చెప్పయ్యా. తర్వాత వాడి రోజు అడుగు."

నాన్నకు మాట పెగలడానికి వారాలు పట్టింది. చివరికి ఒకరోజు, కునుకు పట్టి లారీ కాలవలోకి పోబోయిందని చెప్పాడు. అన్నం కలుపుతున్న తమ్ముడి చెయ్యి ఆగిపోయింది. ఇన్నాళ్ళూ తనకెందుకు చెప్పలేదని అడిగాడు. ఆ తర్వాత వాడు భోజనం వేళకు ఎప్పుడూ ఇంట్లోనే ఉన్నాడు. మా తమ్ముణ్ణి మాకు మిగిల్చింది ఆవిడే.

సమాధుల తోట నుంచి వచ్చాక అమ్మ కంచాలు పెట్టింది. పాస్టరమ్మ గారు నేర్పిన అలవాటు ప్రకారం ముందు నాన్న తన రోజు చెప్పాలి. కంచం దగ్గరికి లాక్కుని మెతుకులు కెలుకుతున్నాడు.

"ఈరోజు పాస్టరమ్మ గారి పెట్టె మోసినాను నాన్నా," అన్నాడు తమ్ముడు. "శానా తేలిగ్గా ఉండింది."

నాన్న కూరగిన్నె వాడి వైపు జరిపాడు.