వంతెన కింద తవ్విన గుంత

గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో మా పక్కింట్లో ఉండిన పెద్దమ్మ పోయిన వారం కన్నుమూసిందని ఆమె కోడలు కబురు పంపింది. కబురు తెచ్చినతను మజ్జిగ తాగి వెళ్లాడు. పొయ్యి మీద పప్పు మాడేదాకా నేను పెద్దమ్మ అడిగే ప్రశ్నలే తలచుకుంటూ కూర్చున్నాను.

ఆమె భర్త రైలు పట్టాలు చూసుకునే గ్యాంగుకు మేస్త్రీ. ఒక ఎండాకాలం, ఆయన కాపలాలో ఉన్న ఏటి వంతెన స్తంభం మొదట్లో ఎవరో గుంత తవ్వి, మందుగుండు పెట్టి పేల్చేశారు. ప్యాసింజరు బండి ఇసుకలో పడింది. మనుషులు చచ్చిపోయారు. మేస్త్రీని సస్పెండు చేశారు.

శాసనసభలో పెద్ద గొడవ. సర్కారుకు ముందే ఉప్పందినా నిద్రపోయిందని ప్రతిపక్షం. ఏ సూచనా లేదు, కాపలావాళ్లే నిద్రపోయారని మంత్రి. మా కొళాయి దగ్గరా అదే రగడ. "మంత్రి దిగిపోవల్ల!" అని ఒకామె బిందె దించితే, "దిగితే ఆడ నీ మొగున్ని కూచోబెడ్తారా మే?" అని ఇంకొకామె.

అప్పటికి మాకు రేడియో లేదు. వంట ముగిశాక నేను పేపరు చదివితే పెద్దమ్మ వినేది. "ఎవురు దిగిపోవల్లో వాళ్లు తేల్చుకోనీ. ఆ గుంత తవ్వినోళ్లు ఎవురంట? దాన్ని చదువు మే" అనేది. అది ఏ పేజీలోనూ ఉండేది కాదు. చదివినదాంట్లో ఏం లేదో వెదకడం నాకు ఆమె వల్లే అలవాటయింది.

ఒకరోజు, దుండగులు ఎవరి కంటా పడలేదని మంత్రి అన్నట్టు చదివాను. ఆమె చప్పున లేచి కూర్చుంది.

"పడకపోవడమేంది? నేను చూస్తి. మిట్టమధ్యాన్నం తవ్వతాండ్రి. నీళ్లు పడినాయా అన్నా అని అడిగితి. ఇంగా లేదమ్మా అనిరి."

వానలు లేని ఆ ఏడాది, ఏటి ఇసుకలో చెలమ తవ్వి నీళ్లు తోడుకోని ఇల్లు లేదు. మేస్త్రీ కూడా వాళ్లను చూసి, చెలమకేననుకుని దాటిపోయాడు.

విచారణలో ఆ మాట చెబుతానని పెద్దమ్మ అంటే ఆయన మండిపడ్డాడు. "చూసి గమ్మునుండిరని ఇద్దర్నీ లోపలేస్తారు. ఉద్యోగం మొత్తానికే పోతాది."

"నువ్వు నిద్దరపోయినావనే కదా రాసిండేది? నిద్దరపోలేదు. ఇద్దరమూ చూసినాము. చూసిందేందో తెలీలేదు. అదే చెప్తా."

తోడుగా నేనూ వెళ్లాను. కోస్తా నుంచి వచ్చిన అధికారి, అనుమానం రాలేదా అని మెల్లగానే అడిగాడు.

"ఈడ గుంత తవ్వేటోన్ని నీళ్లు పడినాయా అని అడుగుతాం సార్. ఎందుకు తవ్వతాండావని ఎవురడుగుతారు?"

ఆమె చెప్పాక గొర్రెలు కాసేవాళ్లూ, గ్యాంగు కూలీలూ వచ్చి తామూ చూశామన్నారు. కొన్ని నెలలకు నింద తొలగి మేస్త్రీ మళ్లీ డ్యూటీకి ఎక్కాడు. సభలో వాదన ఇంకో విషయానికి మళ్లింది. తవ్వినవాళ్లెవరో మాత్రం ఎవరూ చెప్పలేదు.

పెద్దమ్మ అడగడం మానలేదు. సంతకు పోతూ ఎక్కడ గుంత కనబడినా ఆగేది. "ఎందుకప్పా తవ్వతాండారు?"

"నీళ్లకే పెద్దమ్మా, ఇంగెందుకు?" అని వాళ్లు నవ్వేవాళ్లు.

ఆమె నవ్వేది కాదు, కదిలేదీ కాదు. కొంగు నెత్తిన కప్పుకుని, సంచి చంకన పెట్టుకుని, పారకు తడి ఇసుక అంటుకుని పైకి వచ్చేదాకా ఆ ఎండలో నిలబడి చూసేది.